దేశీ గుర్రంతోనే మొదలుపెట్టొచ్చు అన్నా, విదేశీ గుర్రం తర్వాత సంగతి

అన్నా, మీ బాబుకి 13 ఏళ్ళు, ఊరు మహారాష్ట్ర నాందేడ్ జిల్లాల ధర్మాబాద్ దగ్గర, ఇంట్ల దేశీ గుర్రం ఉంది, మాళేగావ్ జాతరల రేసుకి ఎక్కుతడు, లక్షలు పెట్టి విదేశీ గుర్రం కొనకుండ కాంపిటీషన్ల దాకా పోవచ్చా అని కదా అడిగిండ్రు. పోవచ్చు. మా అక్కవాళ్ళది బిలోలి, అక్క కొడుకుని ఇదే దారిల పెట్టినం, వాని వెంట తిరిగింది నేనే కాబట్టి తెలిసింది రాస్తున్న.

మొట్టమొదలు ఒకటి చెప్తా. 2023ల హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌ల మనోళ్ళు డ్రెసాజ్, అంటే గుర్రాన్ని సైగలతోని తీరుగ అడుగులేపిచ్చే పోటీల, టీమ్ గోల్డ్ కొట్టిండ్రు, 41 ఏళ్ళ తర్వాత గుర్రపు స్వారీల వచ్చిన గోల్డ్ అది, ఆ టీమ్‌ల ఉన్న సుదీప్తి హజేలాకి అప్పుడు 21 ఏళ్ళే. అది చూసి అందరు ఇదే స్వారీ అంటే అనుకుంటరు, కానీ ఆ పిల్లలు ఏండ్లకేండ్లు యూరప్‌ల ఉండి అక్కడి గుర్రాలతోని నేర్చుకున్నోళ్ళు, ఆ ఖర్చు మనలాంటి ఇండ్లకి అందేది కాదు. మన దగ్గరి గుర్రాన్ని రోగాల భయానికి బయటి దేశాలు అంత తేలిగ్గ రానియ్యవు కూడా. 2025ల మీరట్ ఆర్మీ సెంటర్‌ల రోగాల్లేని గుర్రాల కేంద్రానికి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తింపు ఇచ్చింది, దాంతోని ముందుముందు ఈ బాధ తగ్గుతదని నాకు గట్టి ఆశ ఉంది.

మన పిల్లలకి సరిపోయేది ఎండ్యూరెన్స్, ఇంకోటి టెంట్ పెగ్గింగ్. టెంట్ పెగ్గింగ్ అంటే గుర్రం ఫుల్ స్పీడ్‌ల ఉరుకుతుంటే భూమిల పాతిన చిన్న చెక్కని బల్లెంతోని ఎత్తుకపోవుడు. ఎండ్యూరెన్స్ అంటే గుర్రం మీద దూరం పోయే పోటీ, 40, 60, 80 కిలోమీటర్లు అట్ల ఉంటది, మార్వాడీ, కాఠియావాడీ, మన దేశీ గుర్రాలు దీంట్ల బాగ నిలబడతయి, కొనుడు అవసరమే లేదు. జాతర రేసులకి దీనికి తేడా ఏందంటే ముందు వచ్చినోడే గెలిచిండని కాదు, మధ్య మధ్యల ఆపి డాక్టర్ గుర్రం ముంగాలి మోచేతి ఎనకాల స్టెతస్కోప్ పెట్టి లెక్కపెడతడు, ఇచ్చిన టైంల గుండె నిమిషానికి 64 కొట్టుకునేకాడికి దిగాలె, దిగకపోతే అక్కడికే బయట. చర్మం గిల్లి చూస్తడు, కుంటుతుందా అని ఉరికించి చూస్తడు. మా వాడు చివరి కిలోమీటర్ దిగి పక్కపొంటి నడిచి, మెడ మీద నీళ్ళు పోసుకుంట తీస్కపోతడు, దాంతోని ఒంటి వేడి తగ్గుతది. ఈ ఓపిక జాతరల ఎవ్వరు నేర్పరు. మీ బాబుకి స్పీడ్ ఇప్పటికే ఉంది, నేర్వాల్సింది ఇదే.

ఇంకో ముఖ్యమైన సంగతి, కళ్ళెం. మన దిక్కు జాతరల కొన్న గుర్రాలకి ముళ్ళ కళ్ళెం ఉంటది, మా గుర్రం కూడ దాంతోనే వచ్చింది. హైదరాబాద్‌ల కోచ్ దాని నోరు తెరిచి పండ్లు లేని కాడ చిగురు మీద వేలు పెట్టి చూపిచ్చిండు, తెల్లగ గట్టిపడ్డ మచ్చలు, పక్కన నాలుక అంచు చీరి మానిన గీత. మా అక్క అది చూసి అక్కడ్నే ఏడ్చింది. జంతుహింస చట్టం కింద 1965ల వచ్చిన రూల్స్‌లనే ముళ్ళ కళ్ళెం వద్దని ఉంది, కాంపిటీషన్ల అసలే ఒప్పుకోరు. నున్నటి కళ్ళెం వెయ్యండి. మొదట్ల గుర్రం ఆగదు, నిజమే, అప్పుడే పిలగాడు చేతులతోని గాక నడుముతోని, కాళ్ళతోని ఆపుడు నేర్చుకుంటడు. హెల్మెట్ మాత్రం ఈ రోజే కొనండి, రుమాలు కట్టుకుని ఎక్కుడు బంద్.

బేసిక్స్ కోసం ఎండాకాలం సెలవులల్ల నిజామాబాద్ మీదుగ హైదరాబాద్ పంపండి, లేదంటే పుణె, రెండు చోట్ల మంచి రైడింగ్ స్కూళ్ళున్నయి. ఫీజు అడిగే ముందు ఇంకోటి అడగండి, మీ స్కూల్ గుర్రం మీద పిల్లల్ని కాంపిటీషన్‌కి పంపుతరా అని. పంపుతం అంటే జంపింగ్, అంటే అడ్డాల మీదికెళ్ళి గుర్రాన్ని దుంకిచ్చే పోటీ, ఆ దారి కూడ తెరుచుకున్నట్టే. ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియాల రైడర్‌గా రిజిస్టర్ చేపియ్యాలె, రీజనల్ లీగ్‌లు, జూనియర్ నేషనల్స్ వాళ్ళే పెడతరు. జంపింగ్‌ల అంతర్జాతీయ రూల్స్ ప్రకారం 12 నుంచి 14 చిల్డ్రన్, 14 నుంచి 18 జూనియర్, 16 నుంచి 21 యంగ్ రైడర్, అంటే మీ బాబు సరిగ్గ టైంకే ఉన్నడు. యూత్ ఒలింపిక్స్‌ల గుర్రాన్ని వాళ్ళే ఇస్తరు, చీటీ తీసి ఏది వస్తే దాని మీదనే ఎక్కాలె, అందుకే రకరకాల గుర్రాలెక్కిన పిలగానికి విలువ ఎక్కువ.

పందెం రేసుల గుర్రాలెక్కే జాకీని చేద్దామని ఎవరన్న వస్తే జర ఆగండి. రేస్ క్లబ్బులల్ల అప్రెంటిస్ ట్రైనింగ్ ఉంటది, అది వేరే బతుకు, బరువు పెరిగితే అయిపాయె, పైగా చదువు ఆగిపోతది. 13 ఏళ్ళ పిలగాన్ని నేనైతే పంప.

చదువు నడిపిస్తే ముంగట దారులు చాన ఉన్నయి. ఎన్‌సీసీల రీమౌంట్ అండ్ వెటర్నరీ అని గుర్రాల యూనిట్లు ఉంటయి, ఎక్కువగ వెటర్నరీ కాలేజీలకి, అక్కడ గవర్నమెంట్ గుర్రం మీద నేర్పుతరు, ఢిల్లీ రిపబ్లిక్ డే క్యాంప్‌ల వాళ్ళకి రైడింగ్ పోటీలు కూడ ఉంటయి. మనకి దగ్గర్ల పర్భణీ, ఉద్గీర్‌ల వెటర్నరీ కాలేజీలున్నయి, ఏ కాలేజీకి ఆ యూనిట్ ఉందో సీటు తీసుకునే ముందే కనుక్కోండి. ఆర్మీల, పోలీస్‌ల, బీఎస్ఎఫ్‌ల గుర్రపు టీములున్నయి, పోలీసోళ్ళకి సొంతంగ ఆలిండియా మీట్ ఉంది, టెంట్ పెగ్గింగ్ వచ్చినోనికి అక్కడ మంచి గుర్తింపు. మా వానికి కూడ ఆ యూనిఫాం మీదనే మనసు.

ఇప్పుడే చెయ్యాల్సిన పని ఒకటుంది. పశువుల దవాఖానకి పోయి గుర్రానికి గ్లాండర్స్ అనే అంటురోగం రక్తపరీక్ష చేపియ్యండి, ధనుర్వాతం, ఫ్లూ టీకాలు కూడ ఏపిచ్చి కార్డుల రాపియ్యండి. గ్లాండర్స్ మనుషులకి కూడ అంటుకుంటది, వస్తే గుర్రాన్ని బతకనియ్యరు. కాంపిటీషన్‌ల దించాలంటే నెగెటివ్ కాయిదం అడుగుతరు, రిపోర్ట్ వచ్చేసరికి టైం పడుతది, మాళేగావ్ జాతరల వందల గుర్రాల మధ్యకి తీస్కపోయే ముందే శాంపిల్ ఇచ్చి పెట్టండి.