తొలి గ్రాంటు ఎలా అడగాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పాడేరు ఏజెన్సీలో ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడే పిల్లలకు ఒకటో తరగతిలో టీచరు చెప్పే తెలుగు అందడం లేదు. ఊరి పెద్దల కథలు కువిలో రికార్డు చేసి వినిపిస్తూ, బొమ్మల కార్డులతో పిల్లల్ని మెల్లగా తెలుగులోకి తేవాలని ముగ్గురం అనుకుంటున్నాం. సంస్థ ఇంకా రిజిస్టర్ చేయలేదు. గ్రాంటు అడగొచ్చా? ఎంత అడగాలి?

జవాబు: తప్పకుండా అడగండి. మనిషినీ ఆలోచననూ చూసి ఇచ్చే తొలిదశ నిధులు ఉన్నాయి. న్యూయార్క్‌లో ఎకోయింగ్ గ్రీన్ 1987లో, ముంబైలో అన్‌లిమిటెడ్ ఇండియా 2007లో ఇందుకే మొదలయ్యాయి.

అప్లికేషన్ కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. హెడ్మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల ఒప్పుదల తీసుకుని, జూన్‌లో బడి తెరవగానే ఒక్కో పిల్లకూ పది బొమ్మలు చూపించండి: మేక, బిందె, గొడుగు లాంటివి. పేరు కువిలో చెప్పిందా, తెలుగులో చెప్పిందా, ఊరుకుందా? తేదీ వేసి రాసుకోండి. పిల్ల పేరు వద్దు, నంబరు చాలు. కార్డులు వాడడం మొదలయ్యాక ఈ లెక్క మళ్లీ దొరకదు. ఆరు నెలల తర్వాత అవే బొమ్మలు చూపించినప్పుడు పోల్చడానికి ఏమీ లేక, మంచి పనులు కూడా రెండో విడత దగ్గరే ఆగిపోతాయి. కథ చెప్పిన పెద్దల అనుమతీ రాసుకోండి. ఆ కథలు వాళ్ల సొత్తు.

నాలుగు బళ్లు, ఆరు నెలలకు మా అంచనా ఇది. ఊరివాళ్లే ఇద్దరు సహాయకులకు నెలకు 6,000 చొప్పున 72,000. 120 సెట్ల కార్డులకు 18,000, నాలుగు చిన్న స్పీకర్లకు 6,000, తిరుగుళ్లకు 18,000. పిల్లల పరీక్షలకు 10,000, ఆడిటుకు 12,000. మీలో పూర్తికాలం పనిచేసే ఒకరికి నెలకు 15,000 చొప్పున 90,000. మొత్తం 2,26,000 రూపాయలు. ఈ చివరి పద్దులో సున్నా వేయకండి. జీతం లేకుండా ఎన్నాళ్లు నిలబడతారన్న అనుమానం ఇచ్చేవాళ్లకు అక్కడే వస్తుంది, అది న్యాయమైన అనుమానమే.

డబ్బు మాత్రం మీ సొంత ఖాతాలో చందాలుగా పోగుచేయొద్దు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదికి 50,000 దాటితే మొత్తానికీ పన్ను పడవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. మీరు ముగ్గురే కాబట్టి ట్రస్టు తేలిక. రిజిస్టర్ కాగానే 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ), దర్పణ్ నంబరు (స్వచ్ఛంద సంస్థలకు నీతి ఆయోగ్ పోర్టల్‌లో నమోదు)లకు దరఖాస్తు పెట్టండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉండే మా బాబాయి మా ట్రస్టుకు డబ్బు పంపుతానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: ఆయన ఇప్పటికీ భారత పౌరుడైతే, సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ అడిగి ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా రూపాయి కూడా ముట్టుకోవద్దు. ఆ రిజిస్ట్రేషన్‌కు మూడేళ్ల ఉనికి, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపాలి. వేరే సంస్థ తీసుకుని మీకు మళ్లించడం కూడా 2020 సవరణతో కుదరదు. ఆ సంస్థే మీ పనిని తన ప్రాజెక్టుగా నడిపితే కుదురుతుంది.

ప్రశ్న: మా సంస్థకు ఏడాది నిండింది. కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బు ఎందుకు రావడం లేదు?

జవాబు: కంపెనీ సొంతంగా పెట్టుకోని సంస్థకైతే మూడేళ్ల పని అనుభవం ఉండాలి. 12ఏ, 80జీ, సీఎస్‌ఆర్ పనులు చేసే సంస్థగా నమోదైనట్టు సీఎస్‌ఆర్-1 నంబరు కూడా కావాలి. ఇంకో రెండేళ్లు కంపెనీల గుమ్మాలు తొక్కేకన్నా, అర్హత ఉన్న సంస్థ ప్రాజెక్టులో భాగంగా పనిచేయండి. మీ చేతిమీదుగా జరిగిన పనికి ఏడాదికోసారి వాళ్ల లెటర్‌హెడ్ మీద లేఖ రాయించుకోండి.