పొడుగు లారీల మీద అర్జీ రాస్తున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మీ మావయ్య దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు వాట్సాప్‌లో పంపిన అర్జీ నాలుగు పేజీలూ చదివాను. అక్షరాలు చిన్నగా ఉన్నాయంటే మనవరాలు ఫోన్లో పెద్దవి చేసి ఇచ్చింది. పొడుగు లారీలు మన రోడ్ల మీదకి రావచ్చా కూడదా అన్న మాట మీద మీ గాజువాక కాలనీ సంఘం తరఫున నువ్వు మాట్లాడబోతున్నావంటే సంతోషమే. భాష బావుంది. కానీ ఒరే, "రాక్షస లారీలు" అన్న మాట అయిదు చోట్ల వాడావు. అయిదూ కొట్టెయ్. ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టిన నాకే అది చూడగానే ఒళ్ళు మండింది. ఇక లారీ ఓనర్ల తరఫున వచ్చినవాడు నీ రెండో పేజీ తిప్పుతాడా?

నువ్వు చేసిన పెద్ద తప్పు ఏటంటే, పొడవునీ బరువునీ ఒకే మూటలో కట్టేశావు. రెండూ వేరు గొడవలు. 2018 లో కేంద్రం ఇరుసు బరువులు పెంచింది, పెద్ద ట్రైలర్ల మొత్తం బరువు 49 టన్నుల నుంచి 55 టన్నులకి వెళ్ళింది. అది బరువు సంగతి. 2020 లో నిబంధనలు మార్చి, గుర్తించిన దారుల్లో మాత్రం 25.25 మీటర్ల దాకా 'రోడ్ ట్రైన్', అంటే ఒకే ఇంజను బండి వెనక ఒకదానికొకటి తగిలించిన ట్రైలర్లు, నడుపుకోవచ్చన్నారు. ఇది పొడవు సంగతి. పన్నెండు మీటర్ల బస్సులు రెండు వెనకా ముందూ ఆనించి నిలబెట్టినా దాని పొడుగుకి ఇంకా నాలుగడుగులు తక్కువే, ఊహించుకో.

"పొడుగు లారీలొస్తే రోడ్లు గుంతలు పడిపోతాయి" అని రాశావు. బరువు పెంచకుండా పొడుగు పెంచితే అలా జరగదు. రోడ్డుని తినేది ఒక్కో ఇరుసు మీద పడే బరువు. అది రెట్టింపైతే రోడ్డుకి తగిలే దెబ్బ సుమారు పదహారు రెట్లవుతుందని ఇంజనీర్ల లెక్క. అదే బరువుని ఎక్కువ చక్రాల మీద సర్దితే రోడ్డుకి మేలే. బ్రిటన్‌లో 2012 లో ప్రయోగంగా మొదలుపెట్టి, 2023 మే 31 నుంచి పొడుగు ట్రైలర్లని మామూలుగానే అనుమతించారు. అంతకుముందు 13.6 మీటర్లుండే ట్రైలర్ 15.65 మీటర్లయింది, బరువు మాత్రం 44 టన్నులు దాటనివ్వలేదు. అక్కడ వద్దన్నవాళ్ళు ఎక్కువగా పట్టుకున్నది మలుపులో ఊగే తోకని, పక్కన నడిచేవాడి ప్రాణాన్ని. నువ్వూ అదే పట్టుకోవాలి.

బయటికి పొడుచుకొచ్చే ఇనప రాడ్ల ఫొటో కూడా జత చేశావు. అది తీసెయ్, నీకే ఎదురు తిరుగుతుంది. స్టీల్ ప్లాంట్ రాడ్డు పన్నెండు మీటర్లు. దాన్ని చిన్న బాడీలో వేస్తే వెనక వేలాడుతుంది, లేదా మధ్యకి మడిచి వెయ్యాలి. నలభై అడుగుల ట్రైలర్ మీద అయితే సాఫీగా పడుకుంటుంది. అంటే నీ ఫొటో చూపించి అవతలివాడే "అందుకే కదండీ పొడుగు బండి కావాలంటున్నాం" అంటాడు. సరుకు హద్దు దాటి బయటికొస్తే ఇరవై వేల జరిమానా ఎలాగూ చట్టంలో ఉంది.

ఇప్పుడు నువ్వు అసలు రాయని సంగతి చెప్తాను. లారీ రెండు రకాలుగా నిండుతుంది. కొన్ని సరుకులకి ముందు కాటా నిండుతుంది, కొన్నింటికి ముందు జాగా నిండుతుంది. మన పోర్టులో దిగేదేమిటి? బొగ్గు, ఎరువు, ముడి ఖనిజం. బొగ్గు వేసిన బండిలోకి ఎక్కి చూడు, బాడీలో పైన ఇంకా బోలెడు ఖాళీ ఉంటుంది, కాటా మీద మాత్రం హద్దు దాటిపోతూ ఉంటుంది. అలాంటి సరుక్కి నువ్వు ఇంకో ఏడు మీటర్ల బాడీ తగిలిస్తే ఏం లాభం? గాలి మోసుకు తిరగడమే. పొడుగు పనికొచ్చేది పరుపులకి, ఫ్రిజ్‌లకి, ఆన్‌లైన్‌లో జనం ఆర్డరిచ్చే అట్టపెట్టెలకి. కాబట్టి సభలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: "విశాఖలో ఈ పొడుగు బండి ఎక్కే సరుకు ఏది? అది ఏ గోడౌన్ నుంచి ఏ గోడౌన్‌కి వెళ్తుంది?" జవాబు చెప్పగలిగితే చెప్పనీ, వినాలి. పొడుగు ట్రైలర్లతో ట్రిప్పులు ఎనిమిది శాతం దాకా తగ్గుతాయని బ్రిటన్ ప్రభుత్వం చెప్పింది. డీజిలు మిగులుతుంది, డ్రైవర్లు దొరకని రోజుల్లో అదీ చిన్న మాట కాదు. ఆ మాట నీ కాగితంలో నువ్వే ముందుగా రాసెయ్. మనం దాచితే వాళ్ళు బయటపెడతారు.

ఓవర్‌టేక్ గురించి పేజీ నిండా రాశావు. లెక్క వేశావా? నీ కారు లారీ కన్నా గంటకి ఇరవై కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంటే, ఆ అదనపు ఏడు మీటర్లు దాటడానికి ఒక సెకను పైచిలుకు. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి వెళ్ళే ఆరు వరుసల బైపాస్ మీద అది లెక్కలోకే రాదు. అరకు ఘాట్‌లో అయితే ఆ సెకనే ప్రాణం. ఏ రోడ్డో చెప్పకుండా మాట్లాడితే రెండు పక్షాలదీ అబద్ధమే అవుతుంది.

అసలు విషయం మలుపు. నువ్వు పుట్టిన ఏడు, నలభై అడుగుల ట్రైలర్‌తో మల్కాపురం వైపు ఒక సందులాంటి రోడ్డులోకి ఎడమకి తిప్పుతున్నాను. ముందు చక్రాలు మూల దాటాయి, నా మట్టుకు నేను తిరిగేశాననుకున్నాను. వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావురా, మూలని కోసుకుంటూ లోపలికి వస్తాయి. ఆ లోపల ఒక సైకిలు కుర్రాడు ఉన్నాడు. నా అద్దంలో కనపడలేదు, ఇంజను మోతలో కేక వినపడలేదు. క్లీనర్ కుర్రాడు తలుపు మీద దబదబా కొట్టబట్టి బ్రేకు తొక్కాను. సైకిలు వెనక చక్రం అప్పడమైపోయింది. కుర్రాడు పక్కన కాలవలోకి దూకి బతికాడు. అక్కడితో అయిందా, అదే మలుపులో నా బండి తోక కుడిపక్కకి విసిరి టీ బడ్డీ రేకు పీక్కుపోయింది. ఇరుసుల వెనక బాడీ ఎంత పొడుగుంటే తోక అంత ఊగుతుంది. బడ్డీ ఆయన తిట్టిన తిట్లు నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి, మీ అత్త ఎదురుగా రాయలేను.

అందుకని కాగితం పక్కనబెట్టి మూడు మలుపులు కొలిచి రా. కాన్వెంట్ జంక్షన్, షీలానగర్ దగ్గర పోర్టు రోడ్డు హైవేలో కలిసే చోటు, మీ కూర్మన్నపాలెం వైపు ఒకటి. పొద్దున్నే వెళ్ళు. మలుపుకి కాస్త ముందు రోడ్డు మీద రెండు బకెట్ల నీళ్ళు పొయ్యి. ట్రైలర్ ఆ తడిలోంచి పోతే ముందు చక్రాల గుర్తు, వెనక చక్రాల గుర్తు విడివిడిగా పడతాయి. మధ్య ఎడం ఎంతుందో ఫొటో తియ్యి. పక్క మేడ మీద నుంచి వీడియో తీస్తే ఇంకా మంచిది. నడిరోడ్డులోకి మాత్రం దిగకు, ట్రాఫిక్ కానిస్టేబుల్‌తో ముందే ఒక మాట చెప్పుకో. ఇప్పుడున్న బండికే ఇంత కోత ఉంటే పొడుగు దానికెంత అని అడిగితే ఎవడూ నవ్వలేడు.

పోర్టు రోడ్డు నుంచి బైపాస్ దాకా పొడుగు బండి పోగలదనే అనుకుందాం. ఆ తర్వాతి ప్రశ్న, తగిలించిన ట్రైలర్లని ఎక్కడ విప్పి విడదీస్తారు? రెండు కీళ్ళున్న బండిని రివర్స్ చెయ్యడం ఎంత కష్టమో డ్రైవర్‌ని అడుగు. ఒక కీలు ఉన్న ట్రైలర్‌నే వెనక్కి తొయ్యడానికి నాకు రెండేళ్ళు పట్టింది. గోడౌన్ గేటు చిన్నదైతే అది హైవే అంచునే ఆగుతుంది, రాత్రి లైటు లేకుండా ఆగుతుంది. ఆ ఆగిన బండి వెనక మోటారు సైకిలు వచ్చి గుద్దుకోవడం మనకి కొత్త కాదు. కాబట్టి "వద్దు" అన్న ఒక్క మాట రాసి ఊరుకోకు. దారి పేరు గెజిట్‌లో రాయమను, ఆ దారి చివర విప్పుకునే యార్డు ముందు కట్టమను, వెనక ఇరుసు కూడా మలుపుకి తగ్గట్టు తిరిగే ట్రైలర్ పెట్టమను, ఎడమ పక్క కెమెరా, చక్రాల మధ్య మనిషి దూరకుండా పక్క కడ్డీలు అడుగు. ఇవన్నీ చేస్తే మీ సంఘానికి అభ్యంతరం లేదని కూడా రాయి. మీ కార్యదర్శికి ఇది నచ్చకపోవచ్చు, నచ్చకపోయినా రాయి.

పంపే పద్ధతి: కేంద్రం నిబంధనలు మార్చేముందు ముసాయిదా గెజిట్‌లో వేసి అభ్యంతరాలు తీసుకుంటుంది, మామూలుగా ముప్పై రోజులిస్తుంది. ఏ నిబంధన నంబరు మీద నీ అభ్యంతరమో మొదటి వరుసలోనే ఉండాలి. నాలుగు పేజీలు ఎవరూ చదవరు, ఒక పేజీ, మూడు ఫొటోలు చాలు. నకలు కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కూడా ఇయ్యి, మన మలుపుల సంగతి ఢిల్లీకి తెలీదు.

ఈ ఆదివారం పొద్దున ఆరింటికి షీలానగర్‌కి వచ్చెయ్. వంద అడుగుల టేపు నా దగ్గరుంది, బకెట్లు నువ్వు తే. స్కూటరు మాత్రం మలుపుకి ఎడమ పక్క పెట్టకు. అక్కని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య