నాలుగున్నర అడుగుల బల్ల మీద షంటింగ్ యార్డు: చిన్నాకి పెదనాన్న ఉత్తరం

చిన్నా,

నిన్న ఫోన్లో నువ్వు అన్న మాట రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. మోడల్ రైలు కోసం గదంతా ఓవల్ ట్రాక్ వేద్దామంటే ఫ్లాట్‌లో చోటు లేదు, కొన్న బుల్లి ఇంజను అటక మీద పెట్టేస్తా అన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యకు. నాలుగున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు బల్ల ఒకటి పెట్టుకో చాలు. గుండ్రంగా తిరిగే రైలుని పది నిమిషాలు చూసి కాఫీకి లేచిపోతాం. షంటింగ్, అంటే వ్యాగన్లని ఇంజనుతో అటూ ఇటూ జరిపి లైన్లలో సర్దడం, అదైతే ఇంకొక్క వ్యాగను, ఇంకొక్క వ్యాగను అనుకుంటూ భోజనం టైం కూడా మర్చిపోతాం, యార్డులో పనిచేసిన రోజుల్లోనూ నాకు అంతే.

ప్లాను కోసం ఎక్కువ వెతకొద్దు. ఇంగ్లండులో అలన్ రైట్ అనే ఆయన వేసిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్ అనే ప్లాను ఉంది, రెండే రెండు పాయింట్లు (బండిని ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి మళ్లించేవి), మూడు లైన్లు. ఒక లైన్లో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెంటిలో మూడేసి, ఇటు పక్క షంటింగ్ నెక్‌లో, అంటే ఇంజను ముందుకీ వెనక్కీ ఆడే లైన్లో, ఇంజనూ మూడు వ్యాగన్లూ పడతాయి. మొత్తం ఎనిమిది వ్యాగన్లు. వాటి నంబర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేసి ఐదు తియ్యి, ఏ వరసలో వచ్చాయో అదే వరసలో పొడుగు లైన్లో నిలబెట్టాలి, అంతే ఆట. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ ఎనిమిదిలో ఐదింటిని వరసగా పెట్టే తీర్లు 6720, కాబట్టి నిన్నటి ఆట ఇవాళ మళ్లీ రాదు. అమెరికాలో జాన్ అలెన్ వేసిన టైమ్‌సేవర్ అనే షంటింగ్ ప్లాను కూడా మంచిదే, కాకపోతే దానికి పాయింట్లు ఎక్కువ, పని ఎక్కువ, మొదటిసారికే దాని జోలికి పోకు.

ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, జాగ్రత్తగా విను. లైను పొడవు పాయింటు చివర్నించి కొలుస్తారు. అలా కాదు, ఫౌలింగ్ మార్క్ నుంచి కొలవాలి. రెండు లైన్లు విడిపోయే చోట పక్క లైన్లో వెళ్లే బండికి తగలకుండా వ్యాగను ఎక్కడిదాకా నిలబడొచ్చో ఆ గుర్తు, అసలు యార్డులో అయితే పట్టాల మధ్య తెల్ల సున్నం వేసిన గుర్తు ఉంటుంది. నువ్వేం చేస్తావంటే నీ వ్యాగన్లు ఐదూ కలిపి, వాటిని జోడించే కప్లింగు లాగి పట్టి కొలువు, దానికి ఒక వేలెడు కలుపు, లైను ఆగిపోయే చివర (డెడ్ ఎండ్) ఉన్న అడ్డుకట్ట, అదే బఫర్, దాని నుంచి ఫౌలింగ్ మార్క్ దాకా అంతే ఉండాలి. ఎక్కువైతే ఆరోది దూరుతుంది, ఆట చప్పబడిపోతుంది, తక్కువైతే అసలు ఆటే సాగదు. పీకో కంపెనీ చిన్న రేడియస్ పాయింటు పొడవు 185 మిల్లీమీటర్లు, ఏదీ అతికించకముందే పాత పేపర్ మీద అసలు సైజులో గీసి వ్యాగన్లు దాని మీద పెట్టి చూసుకో.

గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం గురించి అడిగావు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, నీ దగ్గరున్న 1:76 స్కేల్లో (అసలుదానిలో 76వ వంతు సైజు) అది 22 రావాలి, దొరికే ట్రాక్ మాత్రం 16.5. అవును, సన్నగా కనిపిస్తుంది. దానికోసం పట్టాలూ చక్రాలూ అన్నీ సొంతంగా చేసుకుంటూ కూర్చుంటే మూడేళ్లయినా బండి కదలదు, స్లీపర్లు మట్టిలో సగం కప్పేస్తే తేడా కంటికి పెద్దగా తెలియదు, ముందు బండి నడిపించు.

ఏ కాలం అనేది కూడా ఇప్పుడే తేల్చుకో. ఇవాళ మన దగ్గర గూడ్సంటే రేక్ రేకంతా, అంటే బండిలోని వ్యాగన్లన్నీ కలిపి, ఒకేచోట నుంచి ఒకేచోటికి పోతుంది, చిన్న స్టేషన్లో ఒక్క వ్యాగను పెట్టి తియ్యడం ఎక్కడుంది? అందుకే 1980కి ముందు రోజులు పెట్టుకో, అప్పుడు గూడ్స్ బండి చిన్న స్టేషన్లో ఆగి ఒక సిమెంటు వ్యాగను, ఒక ఉప్పు వ్యాగను వదిలి ఖాళీది తీసుకెళ్లేది. నాలుగు చక్రాల వ్యాగన్లు బ్రిటిష్ మోడల్స్‌లో బోలెడు దొరుకుతాయి, రెడ్ ఆక్సైడ్ రంగు వేస్తే మనవే. చిత్తరంజన్‌లో తయారైన డబ్ల్యూడీఎస్-4 షంటింగ్ ఇంజను మూడు జతల చక్రాలూ పక్కన కనెక్టింగ్ రాడ్డుతో ఉండేది, నువ్వు కొన్నదీ ఆ తీరుదే కదా, సరిపోయింది.

బల్లకి మంచి ప్లైవుడ్డు తీసుకుని రెండు వైపులా పెయింట్ వెయ్యి, లేకపోతే మన తేమకి వంకర పోతుంది, చెద కూడా పడుతుంది. నా మొదటి లేఅవుట్ జనవరిలో వేశా, పట్టా ముక్కల మధ్య సందు అస్సలు వదల్లేదు, వాటిని కలిపే ఫిష్‌ప్లేట్లన్నీ సోల్డర్ చేసేశా. మే నెలలో ఒక మధ్యాహ్నం చూద్దును కదా పట్టా పాములా వంకరైపోయి రెండో పాయింటు దగ్గర వ్యాగన్లన్నీ పట్టా దిగిపోతున్నాయి, మొత్తం పీకి మళ్లీ వేశా. నువ్వు చలికాలంలో వేస్తే ప్రతి అతుకు దగ్గరా విజిటింగ్ కార్డు మందం సందు వదులు. కరెంటు కోసం మాత్రం ఫిష్‌ప్లేట్ల మీద ఆధారపడకు, ప్రతి పట్టా ముక్కకీ విడిగా వైరు సోల్డర్ చెయ్యి. చిన్న ఇంజను పాయింటులో రెండు పట్టాలు కలిసే మొన, అదే క్రాసింగ్ ముక్కు, దాని దగ్గర ఆగిపోతుంది, అందుకని ఆ ముక్కుకి కరెంటు ఉండే పాయింట్లే కొను, పాయింటుని సైకిల్ స్పోక్‌తో ఒక స్లైడ్ స్విచ్‌కి కలిపితే అదే పాయింటుని తిప్పుతుంది, అదే కరెంటునీ మారుస్తుంది.

వ్యాగన్లని వెనక్కి నెట్టినప్పుడు దిగిపోతున్నాయంటే బరువు చాలట్లేదని అర్థం. యాక్సిల్‌కి 25 గ్రాముల లెక్కన లోపల ఇనప నట్లు పెట్టి అతికించు. చక్రాల లోపలి దూరం 14.5 మిల్లీమీటర్లు ఉందో లేదో ఒక్కోటీ కొలువు. కప్లింగు విడదియ్యడానికి మాగ్నెట్లు ఉన్నాయి కానీ కేడీ కంపెనీ కప్లింగులు వేసుకుని సన్న వెదురు పుల్ల చెక్కి పెట్టుకో, వ్యాగన్ల మధ్య పుల్ల పెట్టి చిన్నగా తిప్పితే ఊడొస్తుంది. యార్డులో వ్యాగన్లు కలిపి విడదీసే పాయింట్స్‌మన్ చేతి పని అది, నాకు అదే ఇష్టం.

ఇప్పుడు నా మాట ఒక్కటి తప్పకుండా వినాలి. ఇంత వరకూ అయ్యాక నెల రోజులు సీనరీ ముట్టుకోకు. ఒట్టి బల్ల మీదే ఆడు, ఎక్కడ ఆగుతుందో ఎక్కడ దిగుతుందో పెన్సిల్‌తో అక్కడే రాసి ఒక్కోటీ సరిచెయ్యి. కంకర అంటిన తర్వాత పాయింటు పీకడం ఎంత బాధో నీకు రాకూడదు.

సీనరీకి పచ్చ రంగు గడ్డి ప్యాకెట్లు కొనకు, మన గూడ్స్ షెడ్డు ఎప్పుడైనా అంత పచ్చగా ఉందా? మన ఊరి స్టేషన్ వెనక మట్టి తీసుకో. పిండి జల్లెడలో రెండుసార్లు జల్లించు, తడి పోయి పురుగులు చచ్చేదాకా పాత పెనం మీద వేయించు, చల్లారాక కాగితం మీద పరిచి మాగ్నెట్‌ని కవర్లో చుట్టి దాని మీద మెల్లగా తిప్పు. నల్లటి పొడి ఎంత అంటుకుంటుందో చూస్తే నువ్వే ఆశ్చర్యపోతావు, అదంతా ఇనుము, ఉంచితే నేరుగా ఇంజను మోటార్లోకి పోతుంది. పోయేదాకా నాలుగైదుసార్లు తియ్యి. తర్వాత పట్టాల మధ్య చల్లి వేలితో కాకుండా మెత్తని బ్రష్‌తో సర్ది, స్ప్రేతో నీళ్లు కొట్టి, సగం ఫెవికాల్ సగం నీళ్లు కలిపి ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి సూది లేని సిరంజితో వదులు. పాయింటులో కదిలే పట్టా, అదే టంగ్ రైలు, దాని దగ్గర మాత్రం పొడి మట్టే పల్చగా, గమ్ము వద్దు.

షెడ్డు పక్కన సర్కారు తుమ్మ తప్పకుండా ఉండాలి, కరెంటు వైరు లోపలి రాగి తీగలు మెలిపెడితే కొమ్మలవుతాయి, సన్నగా ఆకు పొడి చల్లు చాలు, గుబురుగా వద్దు. సిమెంటు దింపే చోట ప్లాట్‌ఫారం మీద బూడిద రంగు చాక్‌పొడి రుద్దు, బియ్యం దింపే చోట రాలిన గింజలు ఊడ్చుకునే ఆడమనిషి బొమ్మ ఒకటి పెట్టు, పక్కన రెండు పావురాలు. మా షెడ్డులో పొద్దున ఏడింటికి ఆవిడ చీపురు చప్పుడుతోనే పని మొదలయ్యేది.

పేపర్ మీద ప్లాను గీశాక ఫౌలింగ్ మార్కులు ఎర్ర పెన్నుతో పెట్టి ఫొటో పంపు, అది చూశాకే ప్లైవుడ్డు కొయ్యి. సంక్రాంతికి వస్తే మట్టి నేనే జల్లించి డబ్బాలో పెట్టి ఉంచుతా. పెద్దమ్మ నిన్ను అడిగానని రాయమంది.

పెదనాన్న