మా వాడు నోరు తెరిస్తే అబద్ధమే!

ప్రశ్న: మేడమ్ గారూ, మా బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. ఈ ఏడాది బడి తెరిచినప్పటి నుంచీ అన్నీ అబద్ధాలే. హోంవర్క్ ఇవ్వలేదంటాడు. డైరీలో నా సంతకం వాడే పెట్టేసుకున్నాడు. మొన్న వాళ్ల నాన్న చొక్కా జేబులోంచి 20 రూపాయలు తీసి, ఫ్రెండ్ ఇచ్చాడన్నాడు. నిజం కక్కించాలని ఆయన బెల్టు తీస్తారు. నేను ‘నాన్నా పులి’ కథ ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు. వీడు పెద్దయ్యాక దొంగవుతాడని మా అత్తయ్య అంటుంటే గుండె దడగా ఉంది. వాడి నోట్‌బుక్ ఫొటోలు పంపుతున్నాను.
- ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ బెల్టు ఇవాళే ఆగాలి. దెబ్బలతో నిజం బయటికి రాదు, అబద్ధం ఇంకాస్త నేర్పుగా వస్తుంది. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అనే పరిశోధకులు పశ్చిమాఫ్రికాలోని రెండు బడుల్లో మూడు, నాలుగేళ్ల పిల్లల్ని పరీక్షించారు. ఒక బడిలో చిన్న తప్పుకీ కొడతారు, రెండోదాంట్లో మందలించి ఊరుకుంటారు. వెనకున్న బొమ్మను చూడొద్దని చెప్పి, గదిలో ఒంటరిగా వదిలి, తర్వాత ‘చూశావా?’ అని అడిగారు. చూసి కూడా చూడలేదన్నవాళ్లు దెబ్బలు తినే బడిలోనే ఎక్కువ. ఆ అబద్ధాన్ని పట్టుబడకుండా నెట్టుకురావడంలోనూ వాళ్లదే పైచేయి. ఈ ఫలితాలు 2011లో వచ్చాయి.

‘నాన్నా పులి’ పనిచేయకపోవడంలో మీ లోపం లేదు. 2014లో వచ్చిన మరో అధ్యయనంలో, అలా అబద్ధమాడి నష్టపోయిన గొర్రెల కాపరి కథ విన్న పిల్లల్లో మార్పేమీ కనిపించలేదు. చెట్టు నరికింది నేనేనని ఒప్పుకున్న పిల్లాణ్ని తండ్రి మెచ్చుకునే కథ విన్నవాళ్లు మాత్రం ఎక్కువగా నిజం చెప్పారు.

దొంగవుతాడా అన్నారు. ఒక్క అబద్ధాన్ని పట్టుకుని అలా తేల్చేయకూడదు. తీవ్రమైన ప్రవర్తన సమస్య అనడానికి మానసిక వైద్యులు 15 లక్షణాల పట్టిక చూస్తారు. ఏదో లాభం కోసం తరచూ మోసగించడం అందులో ఒకటి. తోటివాళ్లను కొట్టి బెదిరించడం, మూగజీవాలను హింసించడం, బడి ఎగ్గొట్టడం, రాత్రుళ్లు ఇంటికి రాకపోవడం లాంటివి మిగతావి. ఏడాదిలో కనీసం మూడు కనిపిస్తేనే ఆ పేరు పెడతారు. ఇప్పుడు చెప్పిన ఆ మిగతావేవీ మీ ఉత్తరంలో లేవు. ఉంటే మాత్రం దాచకుండా మానసిక వైద్యుడికి చూపించండి.

నన్ను ఆపేసింది ఆ నోట్‌బుక్. తెలుగు పేజీలో ఒత్తులు దాదాపు లేవు. ‘అమ్మ’ ‘అమ’ అయింది, ‘పుస్తకం’ ‘పుసకం’ అయింది. బోర్డు మీద చూసి రాసుకునే ప్రతి పేరా రెండో వరుసలోనే ఆగిపోయింది. పేజీ చివర పెన్సిల్‌తో గట్టిగా రుద్ది చించేసిన చోటు కూడా ఉంది. హోంవర్క్ ఇవ్వలేదని అనడానికి కారణం, అది వాడికి రాకపోవడమే కావచ్చు. ఫొటోలు చూసి నేను తేల్చి చెప్పలేను. మొదట కళ్లు పరీక్ష చేయించండి. తర్వాత చదవడం, రాయడంలో ఇబ్బంది ఉందేమో చూపించండి. పిల్లల ఎదుగుదలలో ఇబ్బందుల్ని ముందుగా గుర్తించి సాయం చేసే జిల్లా స్థాయి ప్రభుత్వ కేంద్రాలు (డీఈఐసీ) ఇలాంటి పిల్లలకీ ఉపయోగపడతాయి.

ఇంట్లో, జవాబు తెలిసిన ప్రశ్న అడగకండి. ‘హోంవర్క్ ఇచ్చారా?’ అనేకన్నా ‘లెక్కలు ఇచ్చారట, రా, మొదటిది కలిసి చేద్దాం’ అనండి. ఆ 20 రూపాయలు ఊరికే వదిలేయొద్దు. ఏం కొనుక్కున్నాడో నెమ్మదిగా అడగండి, చెప్తే నిజం చెప్పినందుకు మెచ్చుకోండి. డబ్బు మాత్రం వాడి దాచుకున్న చిల్లరలోంచి నాన్నకి తిరిగి ఇప్పించండి.

ఈ జవాబు మీవారి చేత కూడా చదివించండి. కోపం ఆపుకోలేకపోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఆయనే ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పరీక్షలయ్యాక రిపోర్టులతో మళ్లీ రాయండి.