కళ, కోలుకోవడం: ఈ కథలే ఎందుకు?

నన్ను అడిగింది ఇదీ: ఫొటోలతో కథలు చెప్పే విజువల్ జర్నలిస్టుగా ఎన్నో విషయాలు ఉండగా బొమ్మలు వేస్తూ కోలుకుంటున్న వాళ్ల కథల మీదే ఎందుకింత ఇష్టం, వాటిని ఎలా తీస్తారు అని.

నాకు ఈ ఇష్టం ఒక మాట పడ్డాక ఇంకా పెరిగింది. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయిన ఒక పెద్దావిడ ఎడమ చేత్తో రంగులు వేయడం నేర్చుకుంటుంటే ఫొటోలు తీశాను. కాగితం జారిపోకుండా నాలుగు మూలలా టేపు అంటించుకునేది, బ్రష్ మూత పళ్లతో లాగేది, బొటనవేలి గోరు కింద నీలం రంగు ఎండిపోయి ఉండేది. వేసింది ఒక్కటే, తన మంచం ఎదురుగా ఉన్న కిటికీ, మళ్లీ మళ్లీ అదే. కథ అచ్చయింది, పైన ఎవరో పెట్టిన హెడ్డింగ్: పక్షవాతాన్ని జయించిన మహిళ. ఆవిడ ఫోన్ చేసి, "నా చెయ్యి ఇంకా లేవట్లేదు కదా బాబూ, జయించానని ఎలా రాశారు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అప్పటినుంచి హెడ్డింగ్, క్యాప్షన్ నేను చూడకుండా వెళ్లనివ్వను. కళ జబ్బును నయం చేస్తుందని రాయను కూడా. ఫ్రెంచి చిత్రకారుడు మాటిస్‌కి 1941లో పెద్ద ఆపరేషన్ జరిగాక ఎక్కువ కాలం మంచంలోనూ చక్రాల కుర్చీలోనూ గడిచింది, మునుపటిలా నిలబడి పెయింటింగ్ వేయడం కష్టమయ్యాక రంగు పూసిన కాగితాలని కత్తెరతో కత్తిరించి బొమ్మలు చేయడం మీదికి మళ్లాడు. ఒంట్లో పాత సత్తువ తిరిగి రాలేదు, పనిముట్టు మారింది. నేను వెతికేది ఆ మార్పునే. 2016లో అచ్చైన ఒక చిన్న అధ్యయనంలో 39 మంది 45 నిమిషాలు బొమ్మలూ మట్టిపనీ చేస్తే సుమారు 75 శాతం మందిలో టెన్షన్‌కి సంబంధించిన కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గింది, బొమ్మలు ముందే వచ్చిన వాళ్లకీ కొత్తవాళ్లకీ ఇందులో తేడా కనబడలేదు. మంచి సంగతే, కానీ దాంతో పక్షవాతం పోతుందని కాదు కదా.

ఇక తీయడం. మొదటి రెండు రోజులు కెమెరా సంచిలోనే ఉంటుంది, ఊరికే పక్కన కూర్చుంటాను. ఫ్లాష్ వాడను, షట్టర్ చప్పుడు ఆపేస్తాను, ఎందుకంటే చెయ్యి వణుకుతున్న మనిషికి ప్రతి క్లిక్కూ "చూశాను" అన్నట్టు వినపడుతుంది. నవ్వుతున్న ముఖం కోసం ఎదురుచూడను, చేతులు చాలు. అనుమతి మాత్రం రెండుసార్లు అడుగుతాను, తీసేముందు ఒకసారి, ప్రచురించేముందు ఫొటోలన్నీ చూపించి ఇంకోసారి. అలా చూపించినప్పుడు ఆవిడే, రెండో కథ చేస్తున్నప్పుడు, పడిపోయిన కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉన్న ఫొటో వద్దంది. అన్నిటిలోకీ నాకు నచ్చింది అదే. తీసేశాను.