రాసినామె పేరేదీ, నాయనా?

చిత్తూరు, గ్రీమ్స్‌పేట

చిరంజీవికి,

నీ వ్యాసం అందింది. మధ్యాహ్నం అన్నానికి కూర్చోబోతూ తెరిచినాను. ఇంట్లో ఎన్నిసార్లు పిలిచినా లేవలేదు. బాగుండి కాదు, కోపమొచ్చి.

2017లో లోకమంతా మోగిన స్పానిష్ పాట డెస్పాసిటో మీద ఏడు పేజీలు రాసినావు. ఇంగ్లీషు ముక్క కలిపి తిరగచేసిన రీమిక్సులో గొంతు కలిపిన జస్టిన్ బీబర్ లేని పేజీ లేదు. అసలు పాట పాడిన లూయిస్ ఫోన్సీ ఉన్నాడు, డాడీ యాంకీ ఉన్నాడు. వీడియోలో కనిపించే జులేకా రివేరా 2006లో మిస్ యూనివర్స్ అయిన సంగతి కూడా పూసగుచ్చినట్టు రాసినావు. మరి ఎరికా ఎండర్ ఏదీ? పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పినాను. యాడా లేదు.

ఆ పాట రాసినవాళ్ళలో ఆమె ఒకతె నాయనా. పనామా మనిషి. తానూ పాడుతుంది, ఇంకొకరికీ రాసిస్తుంది. 2015లో మయామీలో ఫోన్సీ ఇంట్లో ఇద్దరూ కూర్చుని ఆ పాట మొదలుపెట్టినారు. డాడీ యాంకీ తర్వాత వచ్చి తన చరణం చేర్చినాడు. మెల్లమెల్లగా అడుగులేస్తున్నట్టు సాగి జనం నోట నిలిచిపోయిన ఆ ముక్క కూడా ఆయన చలవే. ఇంగ నువ్వు ఆకాశానికెత్తిన ఇంగ్లీషు చరణం ఉందే, రీమిక్సులో బీబర్ మొదట్లో పాడేది, అదీ ఊరికే ఊడిపడలేదు. దాని వెనకాల పూ బేర్ అని పిలిచే జేసన్ బాయ్డ్, మార్టీ జేమ్స్ అనే ఇద్దరి చెయ్యి ఉంది. స్పానిష్ రాని బీబర్ పక్కన కూర్చుని ఒక్కొక్క మాటా పలికించినవాడు కొలంబియా గాయకుడు హువాన్ ఫెలిపె సాంపెర్. నీ ఏడు పేజీల్లో వీళ్ళలో ఒక్కరికీ చోటు దొరకలేదు. పాట దానంతటదే పుట్టి, నడిచిపొయ్యి చార్టు ఎక్కి కూర్చున్నట్టుంది.

పాట మీద రాసేవాడు మొట్టమొదట అది రాసినవాళ్ళ పేరు చెప్పాల. తర్వాతే పాడినవాళ్ళు, ఆడినవాళ్ళు, అమ్మినవాళ్ళు. ఇది నా మొండిపట్టు. టీవీలో పాట వస్తే 'ఎవరు రాసినారు' అని నేను అడగకముందే మా మనవరాలు చెవులు మూసుకుంటుంది.

లెక్కలు తప్పు రాయలేదు, ఆ మాట ఒప్పుకుంటా. 2017 ఏప్రిల్ 17న రీమిక్స్ వచ్చింది. అమెరికాలో వారం వారం పాటలకు వరస కట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 చార్టులో 48లో ఉన్నది ఒక్క ఊపున 9కి ఎగబాకింది. మే నెలాఖరుకు ఒకటో స్థానం, అక్కడే 16 వారాలు. 1995-96లో మరయా కేరీ, బాయ్జ్ టు మెన్ కలిసి పాడిన పాటతో సమానమైంది. 2019లో ఇంకో పాట 19 వారాలుండి ఆ రెండింటినీ దాటింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆ లెక్క ఎట్లా కడతారో చెప్పకుండా ఊరుకున్నావు. రేడియోలో ఎంతమంది విన్నారు, ఎంతమంది డబ్బిచ్చి కొన్నారు, ఫోన్లలో ఎన్నిసార్లు మోగింది, ఈ మూడూ కలిపి కట్టే లెక్క అది. అసలు పాటనూ రీమిక్సునూ ఒకే పద్దులో వేసినారు. చరణమొకటి ఇంగ్లీషులో పడేసరికి అమెరికా రేడియోలు తలుపు తీసినాయి. దీనికి ముందు స్పానిష్ పాట అక్కడ ఒకటో స్థానానికి పోయింది 1996లో, మకరేనా. దానికీ ఇదే దోవ: స్పానిష్ పాటకు ఇంగ్లీషు ముక్కలు అతికించిన రీమిక్సే అప్పుడూ 14 వారాలు పైనుంది. ఇట్లాంటి సంగతి ఒకటి చెప్పి ఉంటే నీ అంకెలకు నోరొచ్చేది.

పైగా ఒకచోట తప్పులో కాలేసినావు. 'లా పెర్లా వీధుల్లో బీబర్ చిందులు' అని రాసినావే, ఆ వీడియోలో బీబర్ ఎక్కడున్నాడు? 2017 జనవరిలో వచ్చిన అసలు పాట వీడియో అది. దాంట్లో ఉన్నది ఫోన్సీ, యాంకీ, ఆ అమ్మాయి, ఆ పేట జనం. ఇంగ్లీషు ముక్క ఒక్కటి లేదు. రీమిక్స్ వచ్చిన మూడో రోజుకే అది వంద కోట్ల వ్యూస్ దాటింది. ఆ వంద కోట్లు బీబర్ తెచ్చినవి కావు. ఆగస్టుకు 300 కోట్లు. యూట్యూబులో అంతదాకా పోయిన మొదటి వీడియో అదే. 2020 నవంబరులో పిల్లల పాట బేబీ షార్క్ దాటేదాకా మొదటి స్థానం దానిదే. చార్టు ఒక కథ చెప్తా ఉంటే వీడియో ఇంకో కథ చెప్తా ఉంది. నువ్వు రెండూ కలిపి ఒకే ముద్ద చేసి, 'భాషల సరిహద్దులు చెరిపేసిన ప్రభంజనం' అని పేరు పెట్టినావు. ఆ ప్రభంజనాలూ, షేక్ చెయ్యడాలూ, బద్దలు కొట్టడాలూ ఎవడు నేర్పినాడు మీకు? ఇప్పుడు పత్రిక తెరిస్తే భూకంపం లేని పాట లేదు.

లా పెర్లాను 'అందమైన సముద్రతీరం' అని ఒక్క ముక్కలో దాటేసినావు. పోర్టో రికో రాజధాని శాన్ హువాన్ పాత పట్నం కోటగోడకు బయట, సముద్రానికి ఆనుకుని ఉండే పేట అది. కబేళా అక్కడే పెట్టినారు, శ్మశానం ఆ పక్కనే. బానిసలుగా ఉండి విడుదలైనవాళ్ళు, నౌకర్లు గోడ లోపల కాపురం ఉండకూడదని అక్కడికి తోసినారు. ఊరి బయట పేట అంటే ఏమిటో మన జిల్లాలో పుట్టినోడికి నేను విడమర్చి చెప్పాల్నా? అట్లాంటి పేటలో తీసిన వీడియోను లోకమంతా చూసింది. పాట ఒకటో స్థానం దిగిన నెలలోనే, సెప్టెంబరు 20న, మరియా తుఫాను వచ్చి పోర్టో రికో దీవిని ఊడ్చిపెట్టింది. నీకు ఇవన్నీ ఒక్క వాక్యమంత కూడా కాలేదు, మిస్ యూనివర్స్ కిరీటానికి మాత్రం పేరా దొరికింది.

నాకెందుకింత మంట అంటావేమో. తొంభైల్లో తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల, బస్టాండు దగ్గర, దేవుడి క్యాసెట్ల అంగళ్ళు వరసగా ఉండేవి. ఒకదాంట్లో సుప్రభాతం, పక్కదాంట్లో గోవింద నామాలు, రెండూ ఒకదాని మీదొకటి పడి మోగతా ఉండేవి. ఆ క్యాసెట్లకు పాటలు రాసేవాణ్ణి. ఏ సైడు తెలుగు, బీ సైడు అరవం. కొండకు వచ్చే జనంలో అరవ దేశం వాళ్ళు ఎంతమందో నీకు తెలుసు కదా, ఒకే క్యాసెట్టు ఇద్దరికీ అమ్మాలని ఓనరు ఉపాయం. నాకు తెలుగు సైడు. అరవం సైడుకు తిరుత్తణి నుంచి ఒక రిటైర్డు అయ్యవారు వచ్చేవాడు, ఇంట్లో తెలుగే మాట్లాడతాడు. లాడ్జి రూములో మంచానికి ఆ చివర ఆయన, ఈ చివర నేను, మధ్యలో హార్మోనియం. బాణీ ఆడి హిట్టయిన సినిమా పాటది. ఓనరు కింద నుంచి కేకేసేవాడు: 'పల్లవిలో ఏడుకొండలు రావాల, సాయంత్రానికి మద్రాసు బండెక్కాల.'

అది చిన్న పని అనుకోవద్దు. గుద్దులాట పాట బాణీలో అలివేలుమంగమ్మను కూర్చోబెట్టాల. ఎన్ని అక్షరాలకు గొంతు ఆగుతుంది, దీర్ఘం ఎక్కడ లాగుతుంది, ఏ హల్లు మీద పాడేవాడికి ఊపిరి తిరుగుతుంది, అంతా వేళ్ళ మీద లెక్క. అయ్యవారి అరవం పల్లవిలో అక్షరం కుదరకపోతే నా తెలుగు పల్లవిలో మాట మార్చేవాళ్ళం, ఆ మార్పుతో నాదే బాగుపడేది ఒక్కోసారి.

క్యాసెట్టు వచ్చినాక అట్టముక్క చూసుకున్నాం. స్వామి బొమ్మ. పాడినాయన పేరు. సమర్పణ అని ఓనరు పేరు, కింద ఆయన బిడ్డల పేర్లు. అట్ట అచ్చేసిన ప్రెస్సు పేరు కూడా ఉంది. మా ఇద్దరివీ లేవు. పొయ్యి అడిగితే ఓనరు చేతులు జోడించి గుడి వైపు చూపించి, 'పాట సామిది గదయ్యా, మధ్యలో నీ పేరెందుకు?' అన్నాడు. డబ్బులు మాత్రం సామికి పంపలేదు.

ఆయన మాటకు జవాబు కొండ మీదే ఉందని నాకు తర్వాత తట్టింది. అన్నమయ్య కంటే సామికి పాడినవాడెవడు? ఆయన పాటలు రాగిరేకుల మీద చెక్కించి గుళ్ళో సంకీర్తనా భాండారంలో పెట్టినారు కదా, ఆ రేకు చదువు. తాళ్ళపాక అన్నమాచార్యులు అని పేరుంది. పదారేండ్ల వయసులో ఏ సంవత్సరం పాడటం మొదలుపెట్టినాడో, ఏ తిథిన పోయినాడో కూడా ఉంది. ప్రతి పాటకూ రాగం పేరుంది. రాగి మీద చోటు ఇరుకు, చెక్కడం కష్టం, అయినా పేరు చెక్కినారు. ఆదివారం సంచికకు ఎడిటరుగా ఉన్న ఒక పెద్దమనిషి మాత్రం, పాటల మీద నేను రాసిన వ్యాసంలో రాసినవాళ్ళ పేర్లన్నీ కొట్టేసి 'స్థలాభావం' అన్నాడు. ఆ పేజీలోనే సగం వెడల్పున హీరోయిన్ బొమ్మ ఉంది. ఇంకొకాయన నా రాతలో 'యాడ'లన్నీ 'ఎక్కడ'లు చేసి, గుంటూరు నుంచి వచ్చినవాణ్ణి మాదిరి నన్ను అచ్చేసినాడు. ఆ సంగతి ఇంకోసారి.

ఇప్పుడు మీకు కొంచెం నయం. 2012లో కాపీరైటు చట్టం సవరించి, పాట రాసినవాళ్ళకూ బాణీ కట్టినవాళ్ళకూ రాయల్టీలో వాటా ఉందని పెట్టినారు, ఆ హక్కు వదులుకుంటున్నామని కాగితం రాయించుకున్నా చెల్లదు. హిందీ సినిమా పాటలు రాసే జావేద్ అఖ్తర్ రాజ్యసభలో దీనికోసం గట్టిగా నిలబడినాడు. చట్టం డబ్బు ఇప్పిస్తుందేమో గానీ, వ్యాసంలో పేరు రాయించదు. ఆ పని నీలాంటోళ్ళు చెయ్యాల్సిందే. 2017 నవంబరులో లాటిన్ గ్రామీల్లో ఈ పాటకు సాంగ్ ఆఫ్ ది ఇయర్ వచ్చింది. అది పాడినవాళ్ళకిచ్చేది కాదు, రాసినవాళ్ళకిచ్చేది. ఫోన్సీ, ఎండర్, యాంకీ, ముగ్గురి పేర్లూ పిలిచినారు. నువ్వు దాన్ని 'ఫోన్సీకి అవార్డుల పంట'లో కలిపేసినావు.

ఇంత తిట్టినాక కూడా ఈ జాబు ఎందుకు రాస్తా ఉన్నానంటే, ఐదో పేజీ అడుగున రెండు లైన్లున్నాయి. ఆ ఏడు తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మీ చిన్నాయన బండవేషం కట్టినాడనీ, గుడి దగ్గర క్లారినెట్టాయన ఉన్నట్టుండి డెస్పాసిటో ఎత్తుకున్నాడనీ, పలకలవాళ్ళు అందుకున్నారనీ. ఆ రెండు లైన్లు చదివి నేను మళ్ళీ పాట పెట్టుకుని విన్నాను. వేలితో మంచం పట్టె మీద దరువేస్తే ఏముందీ, తకిట తకిట తక. మూడు, మూడు, రెండు. వాళ్ళు రెగ్గేటన్ అంటారు, మన పలకలవాడికి అది చెయ్యి తిరిగిన నడకే. అందుకే అందుకున్నాడు, ఎవడూ నేర్పక్కరలేదు. ఇంకోటి విను: పల్లవిలో డెస్పాసిటో అనే పేరు వచ్చేచోట దరువు మొత్తం తప్పుకుంటుంది. ఆ మాటకు అర్థం మెల్లగా అని, దాన్ని మెల్లగానే, అక్షరం అక్షరం విడదీసి ఖాళీలో పడేస్తారు. తర్వాతే దరువు మళ్ళీ దూకుతుంది. పలకలవాళ్ళు అక్కడ ఏం చేసినారు? ఆపినారా, వాయించుకుంటా పొయ్యినారా? నువ్వు అక్కడే ఉన్నావు కదా, రాయలేదేం?

నీ వ్యాసం అక్కడ మొదలుపెట్టు. ముందు నాలుగు పేజీలూ తీసెయ్. 'మ్యూజిక్ హ్యాజ్ నో లాంగ్వేజ్' అనే ముక్క తెలుగు లిపిలో రాసినంత మాత్రాన తెలుగు కాదు, అదీ తీసెయ్. చార్టు లెక్క ఒక పేరాకు మించొద్దు.

ఏ పత్రికకు పంపాల, ఎంతిస్తారు, కలం పేరు పెట్టుకోవచ్చునా అని అడిగినావు. కలం పేరు వద్దు.

ఆ క్లారినెట్టాయనను కూడా 'ఒక కళాకారుడు' అని రాసి వదిలేసినావు. కనుక్కో. మీ చిన్నాయనకు తెలిసే ఉంటుంది, బ్యాండు సెట్టు మాట్లాడినోళ్ళకు ఇంకా బాగా తెలుస్తుంది. పేరేమి, ఏ ఊరు, ఆ బాణీ ఎక్కడ విని పట్టినాడు, ఫోన్లో విన్నాడా, పెళ్ళిలో పిలకాయలు అడిగితే నేర్చుకున్నాడా, జాతర రోజుకు ఎంత తీసుకుంటాడు, అన్నీ అడుగు. ఆయన ఒప్పుకుంటే పేరు పెట్టు. ఒప్పుకోకపోతే ఎందుకు వద్దన్నాడో రాయి.

తిరగరాసింది కాగితం మీద పంపు. ఫోన్లో పంపితే మా మనవరాలు చదివి కథ చెప్పేస్తుంది, నాకు చదివే పని మిగలదు. మీ నాయననూ అమ్మనూ అడిగినానని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దాయన