ఓర్చుకోమంటే ఓర్చుకోకు

చిట్టితల్లీ,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. పెళ్లై ఏడాదైనా మీకు కలయిక కుదరడం లేదనీ, అల్లుడు దగ్గరికి రాగానే నువ్వు బిగుసుకుపోతున్నావనీ, మంట, నొప్పి అనీ చెప్పింది. దిష్టి తగిలిందని దాని భయం. దిష్టి కాదమ్మా. దీన్ని వజైనిస్మస్ అంటారు. 1860ల్లోనే డాక్టర్లు దీనికి ఆ పేరు పెట్టారు.

చిన్నప్పుడు కళ్లకలక వస్తే నీకు చుక్కలు నేనే వేసేదాన్ని. సీసా దగ్గరికి తేగానే రెప్పలు టపీమని మూసుకునేవి. తెరుద్దామని నువ్వనుకున్నా తెరుచుకునేవి కావు. ఇదీ అంతే. యోనిద్వారం చుట్టూ ఉన్న కండరాలు నీ ప్రమేయం లేకుండా బిగుసుకుంటాయి. మొగుడంటే ఇష్టం లేక కాదు. నొప్పి వస్తుందన్న భయానికి బిగుసుకుంటాయి, దాంతో నొప్పి నిజంగానే వస్తుంది, మర్నాటికి భయం రెట్టింపవుతుంది.

నేను నర్సుగా చేరిన కొత్తలో ఒకమ్మాయి పరీక్ష బల్ల మీద మోకాళ్లు దగ్గరికి నొక్కుకుని, దుప్పటి అంచు పిడికిట్లో బిగించి పడుకుంది. "కాస్త ఓర్చుకోమ్మా, ఆడవాళ్లందరం పడేదే" అన్నాను. ఆమె మళ్లీ రాలేదు. ఆ మాట ఇప్పటికీ నన్ను పీడిస్తుంది.

అందుకే చెబుతున్నా, ఓర్చుకోకు. నొప్పి పెట్టే ప్రయత్నాలు కొన్నాళ్లు పూర్తిగా ఆపండి. అల్లుడితో చెప్పడానికి నోరు రాకపోతే ఈ ఉత్తరం చూపించు. ముందు గైనకాలజిస్టుని కలువు, ఇన్‌ఫెక్షన్ లాంటిదేమైనా ఉందేమో చూస్తారు. లోపలి పరీక్ష మొదటి రోజే చేయించుకోవాలనేం లేదు. నువ్వు ఆపమంటే ఆపే డాక్టరు కావాలి. కారణం వెతక్కుండానే చిన్న ఆపరేషన్‌తో పోతుందని తొందరపెడితే ఇంకొకరిని అడుగు.

తర్వాత పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ, అంటే ఆ కింది కండరాలకు వ్యాయామాలతో చేసే చికిత్స. పొట్ట నిండా ఊపిరి తీసుకుని వదులుతూ కింది కండరాలను సడలించడం నేర్పుతారు. యూట్యూబ్‌లో చూసి బిగించే వ్యాయామాలు మొదలుపెట్టకు, నీకు కావాల్సింది వదులు చేయడం. డైలేటర్లని నున్నటి గొట్టాలుంటాయి, సన్నదానితో మొదలుపెట్టి, జెల్లీ రాసుకుని, నీ చేత్తో నువ్వే యోనిలోకి మెల్లగా పెట్టుకోవాలి. ఒకదానితో హాయిగా ఉన్నాకే తర్వాతి సైజు. వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. చాలామందికి నయమవుతుంది. చిన్నప్పుడెవరైనా చెడుగా తాకిన జ్ఞాపకం ఉంటే సైకాలజిస్టుతో కూడా మాట్లాడు, నాకు చెప్పకపోయినా పర్లేదు.

"ఏమైనా విశేషమా" అని మీ అత్తగారు అడుగుతున్నారట. ఆవిడ కోసమని పిల్లలు పుట్టడానికి వైద్యం చేసే ఆస్పత్రుల చుట్టూ తిరగకు, ముందు నీ నొప్పి సంగతి చూసుకో. మీ అమ్మకి నేను నచ్చజెబుతాను. ఒక్కదానివే వెళ్లడానికి భయమేస్తే ఫోన్ చెయ్యి, కాకినాడలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్‌లో నీ దగ్గరుంటాను.

నీ పెద్దమ్మ